మెల్లగా వెయ్యమన్న గేరు

చెన్నై వెళ్ళొచ్చానంటే మా నరసాపురంలో అందరూ ముందు నా సంచి వంక చూశారు, పట్టుచీర ఏదని. చీర కొనలేదు. మెరీనా ఇసకలో కాలు పెట్టలేదు. మూడు రోజులూ మూడు పేటల్లో తిరిగాను. చూసిందల్లా మసి, నూనె, చేపలు, ఒక పాత పడవ మోటారు కడుపులోని ఇనప ముక్క. అయినా ఇంత హుషారుగా నేను ఏ ఊరినించీ తిరిగి రాలేదు.

మా నాన్నది రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు. ఆ కొట్టు వెనక గదిలో పుట్టినదాన్ని. అఆల కన్నా ముందు "చివరి మాట చెప్పండి" అనడం నేర్చుకున్నాను. ఇప్పుడు రేవు దగ్గర నాకు సొంతంగా కిరాణా కొట్టుంది. గోదావరి మధ్య లంకల్లోవాళ్ళకి సరుకులు పంపడానికి ఒక పడవ, దాని వెనక తగిలించే పాత మోటారు కూడా ఉన్నాయి. ఆ మోటారు నేను బేరమాడి కొన్నదే. అమ్మినాయన చెప్పిన ధరని సగానికి విరిచాను. ఆయన డబ్బు అందుకుంటూ నవ్వాడు. బేరం అయ్యాక అమ్మినవాడు నవ్వితే సరుకు మళ్ళీ ఒకసారి చూసుకోవాలని మా నాన్న వెయ్యిసార్లు చెప్పాడు. ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

పడవ నడిపేది ఏసుపాదం. యాభై అయిదేళ్ళ మనిషి. వరద తీస్తున్న రోజుల్లో ఒకనాడు నడి గోదావరిలో పడవని ముందుకి నడిపే గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లో పడింది. ఇంజను అరుస్తోందట, నీళ్ళలో ఫ్యాను మాత్రం తిరగదు. పడవ పక్కకి కొట్టుకుపోయి, వలలు కట్టే వెదురు గుంజల్ని గుద్దింది. అందులో ఆరుగురు లంక ఆడవాళ్ళున్నారు. దేవుడి దయవల్ల ఒక బియ్యం బస్తా తడవడంతో పోయింది. కానీ సాయంత్రానికి రేవంతా ఒకటే మాట: ఏసుపాదం తాగి నడిపాడు.

ఆ మనిషి చుక్క ముట్టడు. మర్నాడు పెట్రోలు డబ్బా తెచ్చి నా గల్లాపెట్టె పక్కన పెట్టి, "నేనింక పడవెక్కనండి అమ్మగారూ" అన్నాడు.

మా ఊరి మెకానిక్ లివరు మూడుసార్లు బిగించాడు. మూడుసార్లూ గేరు ఊడింది. నాలుగోసారి చేతులు జోడించి, చెన్నై చూలైలో సామ్యేలు మేస్త్రి అని ఉన్నాడు, పాత మోటార్లకి ఆయనే అన్నాడు. నేను ఏసుపాదం ఇంటికి వెళ్ళి తోడు రమ్మన్నాను.

"వత్తానండి. కానీ ఒక మాట. తప్పు మోటారుదైతే మోటారుదని, నాదైతే నాదని, రేవులో పదిమందిలో మీరే చెప్పాలి."

"చెప్తాను" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

బస్సు పొట్టలోంచి

చెన్నై మాధవరంలో బస్సు దిగేటప్పటికి తెల్లారింది. గోనెపట్టా చుట్టిన మోటారుని బస్సు పొట్టలోంచి లాగుతుంటే ఒక పెద్దాయన ఆగి, "ఏం విగ్రహం అమ్మా?" అని అడిగాడు. అటువైపు ఫ్యాను రెక్కలు గోనెలోంచి నాలుగు చేతుల్లా పొడుచుకొచ్చాయి మరి. పడవ మోటారు అన్నాను. ఆయన అప్పటికే చెప్పులు విప్పేశాడు, మళ్ళీ తొడుక్కున్నాడు.

చూలైకి ఆటో అతను ఏడొందలడిగాడు. మూడొందలన్నాను. మా ఊళ్ళో అయితే ఇక్కడ రెండు పక్కలా పావుగంట మాటలు నడుస్తాయి, మధ్యలో పిల్లల చదువులు కూడా వస్తాయి. ఇక్కడ అతను నాకేసి చూడనైనా చూడకుండా ఇంకో ప్రయాణికుణ్ణి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. రెండో అతను ఎనిమిదొందలన్నాడు. ఎక్కాం. ఏసుపాదం రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. నవ్వుతున్నాడని అతని మెడ చూస్తే తెలిసింది.

సందు మొదట్లో టిఫిన్ బండి దగ్గర పొంగలి తిన్నాం. మా వైపు పొంగలి అంటే బెల్లంతో పండక్కి చేసేది. ఇక్కడ మిరియాలు, జీడిపప్పు, నెయ్యి, పొద్దున్నే. అరిటాకు ముక్క మీద జారిపోతోంది. నాలుగు రకాల చట్నీ వేసి, అయిపోతే అడక్కుండానే మళ్ళీ వేశాడు. చట్నీ రెండోసారి ఊరికే వేసే ఊరు మీద నాకు ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది.

చూలైలో చెయ్యి పరీక్ష

సామ్యేలు మేస్త్రి షెడ్డు ఒక మంచం పట్టేంత వెడల్పు. లోపల మాత్రం రైలు పెట్టెలా పోతూనే ఉంటుంది. గోడలకి మోటారు కాళ్ళు వేలాడుతున్నాయి. ఆయనకి అరవై ఉంటాయి. ముత్తాతలు చింతాద్రిపేటలో నేత నేసినవాళ్ళట. ఇంట్లో తెలుగు, సందులో అరవం, మోటారుతో రెండూ కలిపి మాట్లాడతారు.

"ఈడ పెట్టండి. ఆడ వద్దు, ఆడ ఆయిలుండాది" అన్నారు. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "యాడనుంచి? నరసాపురమా? అంత దూరంనుంచి మోసుకొస్తిరా! అయితే పాపం మంచి మోటారే" అన్నారు.

నేను వెంటనే రంగంలోకి దిగాను. మోటారు మంచిదే, పైన లివరు దగ్గర ఏదో చిన్న పిన్ను వదులై ఉంటుంది, చూసి బిగిస్తే చాలు అన్నాను. జబ్బు చిన్నదని ముందే చెప్తే ఫీజు చిన్నదవుతుందని నా లెక్క.

ఆయన నా మాట విననట్టే నీళ్ళ డ్రమ్ముకి మోటారు తగిలించి స్టార్ట్ చేశారు. రేసు బాగా తగ్గించారు. నేను లివరు పిన్ను చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇరు మా, ఆగు. మోటారు తర్వాత. ముందు చెయ్యి చూస్తా." ఏసుపాదం వైపు తిరిగారు. "అన్నా, నువ్వేనా పడవ తోలేది? రోజూ ఎట్టా వేస్తావో అట్టానే గేరు వెయ్యి."

ఆయన పద్ధతి అది. గేరు జబ్బుతో మోటారు వస్తే దాన్ని నడిపే మనిషి కూడా రావాలి. రాకపోతే మోటారు మూలన పెడతారు, మనిషి వచ్చేదాకా విప్పరు. మా ఊళ్ళో మెకానిక్కులు మనల్ని పక్కకి జరగమంటారు. ఇక్కడ మనల్నే ముందు పరీక్షిస్తారు. నాకు భలే నచ్చింది, నా వంతు ఇంకా రాలేదు కాబట్టి.

ఏసుపాదం లివరు పట్టుకుని ఒక్క ఊపున కదిపి, సగంలో చెయ్యి ఆపుకుని, నిద్రపోతున్న పిల్లాణ్ణి పక్కకి జరిపినట్టు, మెల్లగా, చాలా మెల్లగా ముందుకి తోశాడు. మోటారు లోపలినించి కర్ర్ర్ర్ అని, ఇనప గంటె మూకుడుని గీరుతున్న చప్పుడొచ్చింది. తర్వాత ధడేలుమని గేరు పడి ఫ్యాను తిరిగింది. డ్రమ్ములో నీళ్ళు సగం నా మీద పడ్డాయి.

నేను కొంగు పిండుకుంటుంటే మేస్త్రి ఇంజను ఆపేశారు.

"ఇట్టా వెయ్యమని ఎవురు నేర్పినారన్నా?"

ఏసుపాదం నా వైపు చూడలేదు. నీళ్ళ డ్రమ్ము వైపు చూశాడు.

"నా అలవాటేనండి."

పాఠకులకి ఇక్కడే చెప్పేస్తాను. నేర్పింది నేను. మోటారు కొన్న మొదటి రోజునుంచీ పడవ ముందు బల్ల మీద కూర్చుని, ఏసుపాదం లివరు మీద చెయ్యి వేయగానే నా చెయ్యి పైకి లేపి, "మెల్లగా, మెల్లగా! అరిగిపోద్ది!" అని అరిచేదాన్ని. కొట్లో త్రాసు కూడా మెల్లగా దింపమంటాను. తాళం మెల్లగా తిప్పమంటాను. చీపురు కూడా మెల్లగా ఊడిస్తే రెండు నెలలు ఎక్కువ వస్తుందని నా నమ్మకం. అవన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి. కొంగు పిండుకుంటూ ఊరుకున్నాను. బేరం తెగకముందు ఏ తప్పూ ఒప్పుకోకూడదని చిన్నప్పటినుంచీ నాలిక మీద రాసి ఉంది.

బంగారప్పొడి

అప్పటినుంచి ఆ షెడ్డులో నేను పడిన టెన్షను పెళ్ళిచూపుల్లో కూడా పడలేదు. మేస్త్రి ఒక్కొక్కటే చూస్తుంటే, ఇదే జబ్బు అయితే బావుండునని మొక్కుకుంటున్నాను.

ముందు పైనున్న లివరు, దాని కీళ్ళు. పిన్నులు ఊపి చూశారు. "బాగుండాయి."

తర్వాత లివరునుంచి కిందికి దిగే కడ్డీ. మా మెకానిక్ దాన్ని పొట్టిగా బిగించి ఉంటే గేరు పూర్తిగా పడదట. ఇదే అయ్యుండాలి స్వామీ అనుకున్నాను. ఇది మా మెకానిక్ తప్పవుతుంది, మా ఇద్దరి తప్పూ కాదు. మేస్త్రి ఇంజను ఆపి ఉంచే, న్యూట్రల్‌లో ఫ్యాను చేత్తో తిప్పారు. స్వేచ్ఛగా తిరిగింది. ముందు గేరులో పెట్టి తిప్పబోయారు. బిగిసింది. కడ్డీ కొలత చూశారు. "మీ ఊరాయన బాగానే బిగించినాడు. కరెక్టుగా ఉండాది."

జీవితంలో మొదటిసారి, ఒక పనివాడు పని సరిగ్గా చేశాడని విని ఏడుపొచ్చింది.

ఇక కింది కాలు విప్పాల్సిందే. అడుగు మర తీసి పళ్ళెంలోకి గేరు నూనె వంచారు. ఎండ పడ్డ చోట నూనెలో సన్నటి తళుకు. కంసాలి ఊడ్చిన ధూళిలా మిలమిలా.

"చూస్తిరా? బంగారం కాదు మా. మీ గేరు."

విప్పి లోపలినుంచి ఒక ముక్క తీశారు. పిడికిలంత ఉంటుంది, రెండు చివర్లా పళ్ళు. దాన్ని డాగ్ అంటారు. లివరు తోస్తే ఇది జరిగి ముందు గేరు చక్రంలో ఇరుక్కుంటుంది, దాంతో ఫ్యాను తిరుగుతుంది. ఇరుక్కోవాలంటే పళ్ళ మూలలు అట్టపెట్టె మూలల్లా పదునుగా ఉండాలట. మా డాగ్ మూలలు వాడి వాడి అరిగిన సబ్బు బిళ్ళలా గుండ్రంగా ఉన్నాయి. చక్రం పళ్ళూ అంతే. అందుకే కాస్త బరువు పడగానే ఒకదాన్నించి ఒకటి జారిపోతున్నాయి.

మేస్త్రి రెండు చేతుల వేళ్ళూ చాపి చూపించారు. "రెండు చక్రాలు తిరగతా ఉంటాయి. మెల్లగా దగ్గరికి తెస్తే మూలలు ఒకదాన్నొకటి తింటాయి, కర్ర్ర్. టక్కని వేస్తే ఒక్క దెబ్బకి లోపలికి పోతుంది, అరగదు. రేసు తగ్గించాలి, గేరు మాత్రం టక్. గేరుతో బేరాల్లేవు మా. వెయ్యాలి, లేదా వెయ్యకూడదు. మధ్యలో లేదు."

"తప్పు నాదేనండి మరి" అన్నాడు ఏసుపాదం. చాలా మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనం నా చెవుల్లో రోజంతా గీరుతూనే ఉంది.

సాయంత్రం అత్తో అని బర్మా నూడిల్సు తిన్నాం, పచ్చి క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు నీళ్ళు వేసి చేత్తో పిసికి ఇస్తారు. బర్మానుంచి తిరిగొచ్చినవాళ్ళు తెచ్చిన వంటట. నాకు గుడ్డు వద్దన్నానని అరటి దూట చారు గిన్నెడు ఎక్కువ పోశాడు. ఏసుపాదం రెండు పళ్ళేలు తిన్నాడు. నేను సగమే తిన్నాను. ఎక్కడో కర్ర్ర్ అంటోంది.

చింతాద్రిపేటలో తులసమ్మ

మర్నాడు మేస్త్రి అరిగిన ముక్కలు రెండూ గుడ్డలో కట్టిచ్చి, చింతాద్రిపేటలో తులసమ్మ కొట్టుకి పంపారు. "డాగు, ముందు గేరు చక్రం. రెండూ కలిపి సెట్టు. రెండూ తేవాల" అని మూడుసార్లు చెప్పారు.

కూవం ఏటి పక్కగా వెళ్ళాం. ఆ వాసనకి గోదావరి మనిషినైన నేను కొంగుతో ముక్కు మూసుకుంటే, చేపల మార్కెట్టు దగ్గర ఏసుపాదం ఊపిరి గట్టిగా పీల్చి, "మన రేవులా ఉందండి" అన్నాడు.

తులసమ్మ సన్నటి కొట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళుంటాయి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. చుట్టూ అటకలదాకా పాత మోటారు ముక్కలు. గుడ్డ విప్పి చూపిస్తే అద్దాలు పెట్టుకోకుండానే, "చూలై సామ్యేలు పంపించినాడా? సెట్టు ఉండాది. ఎనిమిది వేలు" అంది.

నా ఒంట్లో రక్తం ఉరకలేసింది. నిన్నటినుంచీ దిగులుతో ఉన్నదాన్ని, ఎదురుగా సమవుజ్జీ కనపడేసరికి సంగీతగాడికి వీణ దొరికినట్టయింది.

"నాలుగు" అన్నాను.

"నాలుక్కి ఆ గుడ్డ వస్తుంది."

"గుడ్డ మాదే."

"అట్టయితే అదీ రాదు."

ముక్క పైకి తీసి వెలుతురులో చూశాను. గీత ఉందన్నాను. అది కంపెనీ గుర్తు అంది. పాతది కదా అన్నాను. "నువ్వూ నేనూ కొత్తవాళ్ళమా?" అంది. లేచి పది అడుగులు నడిచాను. వెనక్కి పిలుస్తుందని చూశాను. పిలవలేదు. తాగుతున్న టీ గ్లాసు చప్పుడు మాత్రం వినిపించింది. నా అంతట నేనే తిరిగి వచ్చాను, చెప్పు కరిచినట్టు వంగి చూసుకుంటూ.

అప్పుడు నా బుర్రలో మెరుపులాంటి ఆలోచన. డాగ్ ఒక్కటీ అడిగాను. చక్రం ఎలాగో కొంచెం అరిగింది, నడుస్తుందిలే. ఒక్కటీ నాలుగున్నరంది. మూడు వేల నూటికి తెగ్గొట్టాను! ఏసుపాదం, "అమ్మగారూ, ఆయన రెండూ అన్నారండి" అని చెయ్యి గోకాడు. "నువ్వుండు" అన్నాను.

తులసమ్మ డబ్బు తీసుకుని నవ్వింది.

ఈసారి నాకు మా నాన్న గుర్తొచ్చాడు. అయినా నడుస్తూనే ఉన్నాను.

మళ్ళీ తులసమ్మ

షెడ్డులో మేస్త్రి డాగుని అరచేతిలో పెట్టుకుని చూశారు. "చక్రం?"

నేను వివరించాను. అరిగింది కొంచెమే, ముందు దీంతో చూద్దాం, అవసరమైతే తర్వాత కొందాం అని.

ఆయన కోప్పడలేదు. కొత్త డాగుని, అరిగిన చక్రాన్ని నా చేతుల్లో పెట్టి కలపమన్నారు. కలిపాను. తిప్పమన్నారు. తిప్పగానే గుండ్రటి పన్ను మీదనుంచి పదును పన్ను సర్రున జారింది. నా బొటనవేలు మధ్యలో నలిగింది.

"నెల రోజుల్లో ఇది కూడా సబ్బు బిళ్ళ అవుతుంది. మళ్ళీ నడి గోదాట్లో ఊడుతుంది. అప్పుడు కూడా ఈ అన్న తాగినాడంటారు" అన్నారు. రేవులో మాట ఏసుపాదం ఆయనకి ముందురోజే చెప్పినట్టున్నాడు.

ఏసుపాదం మూల కూర్చుని మా పాత డాగుని గుడ్డతో తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. బొటనవేలు నోట్లో పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ రేవులో పదిమంది ముందు నిలబడి, తప్పు ఏసుపాదానిదని చెప్పడం ఊహించుకున్నాను. ఒప్పుకున్నాడు కాబట్టి చెప్పేయొచ్చు. ఇంతకన్నా చవక బేరం ఎక్కడా దొరకదు.

"మేస్త్రిగారూ" అన్నాను. "మెల్లగా వెయ్యమన్నది నేనండి. రోజూ ఎదురుగా కూర్చుని చెయ్యి ఎత్తి అరిచేదాన్ని. ఇతనికి ఏ పాపం తెలీదు."

ఏసుపాదం గుడ్డ పక్కన పెట్టాడు.

మేస్త్రి పెద్దగా నవ్వారు. "నిన్ననే తెలుసు మా! ఆ చెయ్యి చూస్తిని కదా. మొదలు వేగంగా పోయింది, సగంలో ఎవురో పట్టుకున్నట్టు ఆగింది. తనంతట తానే మెల్లగా వేసేవాడి చెయ్యి మొదట్నుంచీ మెల్లగానే పోతుంది. అది ఎవురో అదిలించిన చెయ్యి. ఎవురా అని చూస్తే నువ్వు కొంగు పిండుకుంటానే ఉండావు, చుక్క నీళ్ళు లేని కొంగుని."

"మరి నిన్నే అనొచ్చు కదండీ!"

"సుమ్మా, ఊరికే చెప్తే ఏం లాభం? మర నువ్వే తిప్పుకోవాల."

"మీరెప్పుడంటారోనని నేనూ చూత్తన్నానండి" అన్నాడు ఏసుపాదం, సిగ్గుపడుతూ. "లేకపోతే ఊరెళ్ళాక మళ్ళీ మీరు మెల్లగా అని అరిత్తే నేను మాత్రం ఏం చేత్తానండి."

చింతాద్రిపేట తిరిగి వెళ్ళేసరికి తులసమ్మ ముందు, స్టూలు పక్కన, కాగితంలో చుట్టిన పొట్లం సిద్ధంగా ఉంది.

"వస్తావని తెలుసు. పొద్దున్నే చుట్టి పెట్టినా. నాలుగు వేల తొమ్మిదొందలు."

మూడు వేల నూరూ కలిపితే సరిగ్గా ఆవిడ మొదట చెప్పిన ఎనిమిది వేలు. ఒక్క రూపాయి తగ్గలేదు. నేను నోరు తెరిచి, మూసి, డబ్బు ఇచ్చేశాను. తులసమ్మ ఈసారి నవ్వలేదు. కంగారుగా నా మొహంలోకి చూసింది.

"ఏందమ్మా, ఒళ్ళు బాగాలేదా?" అని స్టూలు నా వైపు జరిపి, టీ తెప్పించింది. ఆ టీ డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు. మొత్తం చెన్నైలో నాకు దక్కిన తగ్గింపు అదే.

కాశిమేడు

మూడో రోజు పొద్దున మేస్త్రి భార్య సరోజక్క మాకు పెరుగన్నం, చల్ల మిరపకాయలు కట్టిచ్చింది. బిగించిన మోటారుని మినీ ఆటోలో వేసుకుని కాశిమేడు హార్బరుకి వెళ్ళాం. డ్రమ్ములో బరువుండదు, అసలు పరీక్ష ఉప్పు నీళ్ళలోనే అన్నారు మేస్త్రి.

అబ్బ, ఆ హార్బరు! మా రేవులో పది పడవలుంటే జాతర అనుకుంటాం. అక్కడ పడవ మీదనుంచి పడవ మీదికి అడుగులేసుకుంటూ నీళ్ళు తాకకుండా అవతలి ఒడ్డుకి పోవచ్చు. నాకన్నా బరువైన చేపల్ని నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వేలం పాడుతున్నారు. రేటు అరిచే వేగానికి నా పుట్టింటి కొట్టు మొత్తం మూగబోతుంది. చేప ముట్టనిదాన్నయినా వంజరం ధర అడగకుండా ఉండలేకపోయాను. చెప్పగానే "చివరి మాట?" అన్నాను, అలవాటుగా. కొంటానేమోనని ఆవిడ నిజంగానే తగ్గించింది. పారిపోయి మేస్త్రి వెనక దాక్కున్నాను.

తెలిసినవాళ్ళ ఫైబరు పడవకి మోటారు తగిలించారు. ఏసుపాదం వెనక్కి వెళ్ళి కూర్చోబోతుంటే మేస్త్రి ఆపారు. "నువ్వు తర్వాత. ముందు ఈమె."

"నేనా!"

"నేర్పింది నువ్వే కదా మా. ముందు నువ్వు మార్చుకో."

లివరు మీద చెయ్యి వేశాను. ముందుకి తోస్తుంటే నా చెయ్యి నా మాట వినలేదు. సగంలో ఆగి బతిమాలడం మొదలుపెట్టింది. కర్ర్... మేస్త్రి నా మణికట్టు మీద ఒక్కటిచ్చారు. "ఎనిమిది వేలు!" అని అరిచారు.

ఆ మాటకి ఒళ్ళంతా లేచింది. టక్!

అంతే. గీరడం లేదు, వణకడం లేదు. గట్టి తలుపు గడియ పడినట్టు. ఆ దెబ్బకి పడవ ముందుకి గెంతింది, నేను వెనక్కి పడ్డాను, పెరుగన్నం డబ్బా నా ఒళ్ళో పడింది. రేసు పెంచారు. నీళ్ళు చీల్చుకుపోతున్నాం. బరువు మీద, మలుపులో, పెద్ద పడవల అలల్లో కూడా గేరు కదల్లేదు. న్యూట్రల్, టక్. వెనక్కి, టక్. మళ్ళీ ముందుకి, టక్! ఇరవైసార్లు వేశాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, మేస్త్రి చాలు చాలు అంటున్నా వదల్లేదు. తర్వాత ఏసుపాదం కూర్చున్నాడు. అతని చెయ్యి లివరు మీద ఒక్క క్షణం ఆగి, నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

టక్. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని అతని చెయ్యే చూశాను, మొహం అప్పుడే చూశాను.

"తెలిసిందా?" అన్నారు మేస్త్రి. అడిగింది ఇద్దర్నీ అని ఇద్దరికీ తెలిసింది.

కూలి ఎంతంటే ఒక అంకె చెప్పారు. నేను ఊరుకున్నాను. ఆయన కాసేపు ఎదురు చూశారు. "తగ్గించమని అడగవా?" అన్నారు, కొంచెం నిరాశగా. అప్పుడు పాపమనిపించి వంద తగ్గించమన్నాను. హాయిగా తగ్గించారు.

మా రేవు

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున రేవులో సరుకులు ఎక్కించే వేళ. ఆనాటి ఆరుగురు లంక ఆడవాళ్ళూ బుట్టలతో ఒడ్డున నిలబడ్డారు. ఏసుపాదాన్ని చూసి ఒకరిద్దరు వెనక్కి జరిగారు. నేను బియ్యం బస్తా మీదికెక్కి నిలబడ్డాను. ఎత్తు తక్కువ మనిషిని.

పాత డాగుని పైకి ఎత్తి చూపించాను. చెయ్యి మారుస్తూ అందరికీ ఇచ్చాను, మూలలు తడిమి చూడమని. ఏసుపాదం తాగలేదు, ఏనాడూ తాగలేదు, ఆ రోజు గేరు ఊడింది వీటివల్ల, ఇవి అరిగింది నా వల్ల, నా "మెల్లగా మెల్లగా" వల్ల అని చెప్పాను. నాలుగు వాక్యాలే. బేరం లేకుండా మాట్లాడితే మాటలు ఇంత తొందరగా అయిపోతాయని నాకు తెలీదు.

డాగు చేతులు మారుతూ చివరికి నూకాలమ్మ దగ్గర ఆగింది. ఆ రోజు పడవలో ఉన్న ఆరుగురిలో ఆవిడొకతె, తాగాడన్న మాట ముందు అన్నదీ ఆవిడే.

"అరగకుండా దాచుకుందామని ఇంత అరగదీశావా ఏంటే తల్లీ?" అంది నాతో. అందరూ గొల్లుమన్నారు. నవ్వు ఆగాక ఆ ముక్కని తీసుకెళ్ళి ఏసుపాదం చేతిలో పెట్టింది. "ఏసన్నా, నోరు జారాను. ఏవనుకోకు."

"ఆయ్, అనుకోడానికేవుందండి, ఎక్కండి" అన్నాడు.

ఎక్కారు. ఆరుగురూ ఎక్కారు. నేనూ ఎక్కి, ఎప్పటిలా ముందు బల్ల మీద అతనికి ఎదురుగా కూర్చున్నాను. ఏసుపాదం తాడు లాగి స్టార్ట్ చేసి, రేసు తగ్గించి, లివరు మీద చెయ్యి వేశాడు.

నా కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. గబుక్కున దించి, తొడ కింద పెట్టుకుని, దాని మీద గట్టిగా కూర్చున్నాను.

టక్.